గాయపాకులో ఉన్నదేమిటి

ఇద్దత్‌లో ఉన్నప్పుడు నన్ను చూడడానికి చాలామంది వచ్చారు. మాలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇంట్లోనే ఉంటుంది. అందుకని ఎవరు ఏ వేళకు వచ్చినా దొరికేదాన్ని. సబర్ చెయ్యమన్నారు, ఓర్చుకోమన్నారు. మంచివాళ్ళను అల్లా తొందరగా పిలుచుకుంటాడన్నారు. మంచి మనసుతోనే అన్నారు కాబట్టి తల ఊపాను. ఒక్క అమ్మాయి మాత్రం అలాంటి మాటలేమీ చెప్పలేదు. ప్లాస్టిక్ ఫైలులోంచి ఒక గ్రాఫు తీసి నా ముందు చాప మీద పెట్టింది.

"మాస్ వచ్చింది మేడం. సార్ లేడు. ఎవర్ని అడగాల్నో తెలుస్తలేదు" అంది.

ఆ అమ్మాయి మా ఆయన దగ్గర రీసెర్చ్ చేస్తున్న ఆఖరి విద్యార్థిని. నెక్కొండ దగ్గర పల్లె. తల్లిదండ్రులు పత్తి, మిర్చి వేస్తారు. రోజూ పొద్దున రైలెక్కి వరంగల్ స్టేషన్‌లో దిగి, ఆటో పట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళేది. మా ఆయన అక్కడ కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో అదే సబ్జెక్టు చెబుతాను. నాకు డాక్టరేట్ లేదు. ఎమ్మెస్సీలో చదివిన స్పెక్ట్రాలే మళ్ళీ మళ్ళీ పిల్లలకు చెబుతూ వచ్చాను. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. తెలిసీ వచ్చింది.

పొలం గట్ల మీద మొలిచే గాయపాకు మీద తన పని. కొడవలి తెగితే ఆకు నలిపి పిండుతారు, నెత్తురు ఆగుతుంది. ఆ ఆకును ఎండబెట్టి, హెక్సేన్ అనే పెట్రోలు లాంటి ద్రవంలో నానబెట్టి, వచ్చిన సారాన్ని విడదీస్తే చిక్కటి నూనె ఒకటి దొరికింది. అప్పటికి చేతిలో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లాంటి గ్రాఫులు చూసి మా ఆయన అది కొత్త పదార్థం అన్నారు. ఆయన అసలు బట్టల రంగుల మీద పనిచేసిన మనిషి, మొక్కల వైపు ఆలస్యంగా వచ్చారు. ఆ సంతోషంలో ఒక సదస్సుకు సారాంశం పంపారు. ఇంటికొచ్చి తల్లికి చెప్పారు. ఆమె మరిపెడలో ఉన్న చెల్లెలి దాకా అందరికీ ఫోన్ చేసి చెప్పింది. తర్వాత కొన్ని వారాలకే ఒక పొద్దున ఆయన గుండె ఆగి పోయారు.

ఆ అమ్మాయిని డిపార్ట్‌మెంట్‌లో ఇంకో ప్రొఫెసర్‌కు అప్పగించారు. ఆయన మర్యాదస్తుడే కానీ మాట ఖరాఖండిగా చెప్పారు. ఆ నూనె ఏమిటో రుజువుతో తేల్చి తెస్తేనే థీసిస్ మీద సంతకం పెడతానన్నారు. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఎండాకాలం సెలవుల లోపు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అంటే అన్నేళ్ళ చదువు నెక్కొండ రైలులోనే పోయినట్టు.

మా అత్తమ్మ చాయ్ తెచ్చింది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆమె మాట తగ్గించింది గానీ ఆ పిల్లను చూస్తే ఆగలేకపోయేది.

"ఏం బిడ్డా, గింత సన్నగయినవ్. ఆ గాయపాకే తిని బతుకుతున్నవా?"

"తిన్నా బాగుండు దాదీ. తెచ్చుడు, నానబెట్టుడు, పారబోసుడు, గదే మా పని."

"పారబోయకు. మావోడు అండ్ల కొత్తది కనిపెట్టిండు."

పిల్ల నా వైపు చూసింది. నేను గ్రాఫు చూస్తున్నాను.

మాస్ స్పెక్ట్రం అంటే ఒక పదార్థాన్ని ముక్కలు చేసి, ఏ బరువు ముక్కలు ఎన్ని వచ్చాయో గీతలుగా గీసిన గ్రాఫు. ఏ పదార్థం ఎలా ముక్కలవుతుందో ఆ తీరు దానిదే. పుస్తకాల్లో దీన్ని వేలిముద్రతో పోలుస్తారు. క్లాసులో నేనూ ఆ పోలికే చెప్పేదాన్ని. ఆ పోలికలో ఏం వదిలేస్తున్నానో ఆ నెలల్లో తెలిసింది. వేలిముద్ర ఒక్కటే చేతిలో ఉంటే అది ఎవరిదో చెప్పలేం. ఇదివరకే తీసి, పేరు రాసి, దాచిన ఇంకో ముద్ర ఉండాలి. ఇక్కడా అంతే. ఎవరో ఎప్పుడో అదే పదార్థాన్ని శుద్ధి చేసి, గ్రాఫు తీసి, నలుగురికీ కనపడేచోట పెట్టి ఉంటేనే మన గ్రాఫుకు అర్థం వస్తుంది.

గ్రాఫు తీసిన హైదరాబాద్ లేబరేటరీలో పోల్చి చూసే సదుపాయం ఉందట. నమూనాతో పంపే కాగితంలో ఆ గడికి టిక్కు పెట్టాలని ఈ పిల్లకు తెలియలేదు. గీతలు మాత్రమే వచ్చాయి. మా ఆయన లాప్‌టాప్ తెరిచాను. ఆయన పోయాక దాన్ని తెరవడం అదే మొదలు. జపాను వాళ్ళు అందరికీ ఉచితంగా తెరిచి ఉంచిన స్పెక్ట్రాల సైటు ఒకటుంది. ముఖ్యమైన గీతల బరువులు వేసి వెతికితే, అలాంటి గీతలున్న పదార్థాల పేర్లు చూపిస్తుంది. పిల్ల అంకెలు చదివింది, నేను కొట్టాను. అన్నిటికన్నా పెద్ద గీత నూట నలభై తొమ్మిది దగ్గరుంది.

జవాబు వెంటనే వచ్చింది. మొదటి పేరు చదివాను. అది ఏ మొక్కదీ కాదు. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి ఫ్యాక్టరీల్లో కలిపే నూనె.

వాళ్ళ గ్రాఫు పైన, మాది కింద పెట్టి చూశాం. పెద్ద గీతలు ఒకటేనని ఊరుకోలేదు. చిన్నవి కూడా ఒక్కొక్కటే చూశాం. మా ఆయన నమ్ముకున్న ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫు కూడా ఆ సైటులోని దానితో కలిసింది.

"హైదరాబాదోళ్ళు వేరేవాళ్ళది ఇచ్చిన్రేమో మేడం" అంది పిల్ల.

"ఇన్‌ఫ్రారెడ్ మీ డిపార్ట్‌మెంట్‌లోనే తీశారు కదా?"

వంటింట్లో అత్తమ్మ గ్లాసులు కడుగుతోంది. ఆమెకు వినపడకుండా గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టాను. ఆకు ఎక్కడ ఎండబెట్టావు? గోనెసంచి మీద. ఎందులో నానబెట్టావు? గాజు సీసాల్లో. సారం విడదీసిన కాలమ్? గాజుదే. మూతలు? అవీ గాజే. క్లాసులో తప్పు లెక్కను పైనుంచి మళ్ళీ చేయించినట్టు ఒక్కొక్కటే అడిగాను.

"హెక్సేన్ ఎక్కడిది?"

"డ్రమ్ముల వస్తది మేడం. అందరికీ ఒకటే డ్రమ్ము."

"అందులోంచి సీసాలోకి ఎట్లా తీస్తరు?"

"పైపు పెట్టి గుంజుతం."

"ఏ పైపు?"

"లెవెల్ పైపు మేడం. సారే తెచ్చిండు."

ఆ పైపు నాకు తెలుసు. మేం మేడ మీద గది కట్టించినప్పటిది. గోడ సమంగా వస్తోందో లేదో చూడడానికి మేస్త్రీలు నీళ్ళు పోసి రెండు కొసలూ పట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. పనయ్యాక మిగిలిన ముక్కను ఆయన చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళారు. డిపార్ట్‌మెంట్‌లో పనికొస్తుందన్నారు. పనికొచ్చిందని సాయంత్రం చెప్పారు కూడా.

అలాంటి గొట్టాల ప్లాస్టిక్‌లో ఈ నూనే కలిపి ఉంటుంది. హెక్సేన్ తగిలితే అది కొంచెం కొంచెంగా కరిగి వచ్చేస్తుంది. ఊహించడం వేరు, తేల్చడం వేరు. మర్నాడు ఏం చెయ్యాలో చెప్పి పంపాను. పైపుతో తీసిన హెక్సేన్ ఒక సీసాలో, డ్రమ్ము వంచి నేరుగా గాజు గరాటుతో పోసింది ఇంకో సీసాలో. ఆకు రెండింటిలోనూ వెయ్యొద్దు. రెండూ ఆవిరి చేసి, అడుగున ఏం మిగులుతుందో చూడాలి.

రెండు రోజులకు వచ్చింది. చెప్పులు విప్పుతూనే చెప్పింది.

"పైపు సీసాల నూనె మిగిలింది మేడం. రెండోదాంట్ల ఏం లేదు. అద్దం లెక్క ఉన్నది." లోపలికొచ్చి కూర్చుని అంది, "పైపు పట్టుకొని చూసిన. కట్టె లెక్కయింది. సార్ తెచ్చిననాడు మెత్తగుండె."

మెత్తదనమంతా ఆ ఆకుల సారంలోకి వచ్చి చేరింది. ఇక అనుమానం లేదు.

నాకు కోపం ఎవరి మీదో తెలియలేదు. ఆయన బతికుంటే ఈ మాట నేనే నవ్వుతూ చెప్పేదాన్ని, ఆయన తల కొట్టుకుని మర్నాడే పైపు మార్చేవారు. చనిపోయిన మనిషికి తప్పు దిద్దుకునే వీలుండదు. నాకు బాధ కలిగించింది తప్పు కాదు, అది.

పిల్లే ఒక దారి చెప్పింది.

"ఈ నూనె ముచ్చటే రాయకుంటే అయిపాయె గద మేడం? మిగిలిన పని చూపిస్త. ఆ సదస్సు పుస్తకం ఎవరు చదువుతరు? సార్ పేరు అట్లనే ఉంటది."

"మీ కొత్త సార్ నూనె సంగతి తేల్చమన్నారు కదా?"

"దొరకలేదంట. సీసా పగిలిందంట."

ఆమె స్వార్థంతో అనలేదు. ఆయన్ను కాపాడాలని అంది. నాకూ ఆ మాట తియ్యగానే తోచింది. ఆలోచిస్తానన్నాను. ఇద్దరం అలా గుసగుసలాడడం అత్తమ్మ చూస్తూనే ఉంది. వచ్చి మా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏందది? నాకు చెప్పరాదా? మావోడి ముచ్చటేనా?"

చెప్పాను. చదువుకోనావిడకు చెప్పినట్టు కాదు, ఉన్నదున్నట్టు. ఆకులో దొరికిందనుకున్న నూనె ఆకుది కాదని, పైపుదని, ఆ పైపు మేడ మీద గదిదని.

ఆమె చాలాసేపు చీర కొంగు మడతలు సవరించుకుంది.

"చిన్నప్పటికెల్లి అంతే. దారం ముక్క కూడ పారెయ్యకుండె. పెన్సిల్ ఏలంత అయినా జేబుల్నే. ఏదన్నా అంటే, పనికొస్తది అమ్మా అనేటోడు" అంది. అని నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

తర్వాత పిల్లనడిగింది. "ఆకుల అయితే ఖరాబేం లేదు గద?"

"ఆకుకేమైతది దాదీ."

"మరి అండ్ల ఏమున్నదో గది చూడుండ్రి. మరిపెడ ఫోన్లు నేను చేస్కుంట."

నిజంగానే చేసింది. ఆ సాయంత్రం చెల్లెలితో మాట్లాడుతూ, "లేదే, అది పైపు నూనెనంట. ఇంక చూస్తున్నరు" అనడం విన్నాను. నేను ఆలోచించి తేల్చవలసింది ఇంకేమీ మిగల్లేదు.

హెక్సేన్ తర్వాత అదే ఆకును ఇంకో ద్రవంలో నానబెట్టి ఉంచారు. అది చిన్న గాజు సీసాల్లో వస్తుంది కాబట్టి పైపు అవసరం రాలేదు. అందులోంచి పసుపుపచ్చటి పొడి చిటికెడు వచ్చింది. నూనె సంబరంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిల్ల దాన్ని ఇంకోసారి శుద్ధి చేసింది. ఈసారి ప్రతి దశలో ఆకు లేని ఖాళీ సీసా ఒకటి పక్కన నడిపింది. ఎన్‌ఎంఆర్ అనే ఇంకో రకం స్పెక్ట్రానికి హైదరాబాద్ పంపాం. పదార్థంలో ఒక్కొక్క కార్బన్ ఎక్కడుందో దాంట్లో ఒక్కొక్క అంకెగా కనపడుతుంది. ఫలితం రావడానికి నెల దాటింది. ఆ నెలలో గాయపాకు మీద వచ్చిన పాత వ్యాసాలన్నీ చదివాను. నాకు చిన్నప్పటినుంచీ కథల పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు చదివే అలవాటుంది. ఆ రోజుల్లో అవేవీ కంటికి ఆనలేదు. పట్టికలు మాత్రం చదవగలిగాను. అంకెలు నన్ను ఓదార్చాలని చూడలేదు, అందుకేమో.

అంకెలు వచ్చాక మళ్ళీ వెతుకులాట. ఒక సైటులో దొరకనివి ఇంకో సైటులో, అక్కడా లేనివి పాత పత్రికల స్కాన్ కాపీల్లో. చివరికి రెండు పేర్లు మిగిలాయి. రెండూ మొక్కల్లో ఉండే పసుపు పదార్థాలే. పరమాణువుల చిన్న గుంపు ఒకటి ఒకదాంట్లో ఒక మూల, ఇంకోదాంట్లో ఇంకో మూల ఉంటుంది. అంతే తేడా. మా అంకెలు రెండింటికీ దగ్గరగా వచ్చాయి గానీ దేనికీ పూర్తిగా కలవలేదు. మూడు చోట్ల తప్పాయి.

పిల్ల ముఖం వెలిగింది. "రెండూ కాదంటే మేడం, కొత్తదే గద?"

"కావచ్చు."

"మీరు కావచ్చు అంటే కాదన్నట్టే ఉంటది."

ఆ మాటకు నవ్వొచ్చింది. కానీ నాకూ లోపల ఆశ కదిలింది. కొత్తదయితే ఆయన అన్నది వేరే దారిలో నిజమవుతుంది. ఆశపడ్డానని గుర్తించాక ఇంకోసారి మొదటినుంచి చదివాను. అవతలి పట్టిక పైన, చిన్న అక్షరాల్లో, స్పెక్ట్రం తీసేముందు పదార్థాన్ని ఏ ద్రవంలో కరిగించారో రాసి ఉంది. వాళ్ళు డీఎమ్మెస్వోలో కరిగించారు. మాది క్లోరోఫాం. ద్రవం మారితే కొన్ని అంకెలు కొద్దిగా జరుగుతాయి. అంత చిన్న తేడాకు అది చాలు. క్లోరోఫాంలో తీసిన అంకెల కోసం తెలిసిన చోట్లన్నీ వెతికాం. మొదటి పేరుకు గానీ రెండో పేరుకు గానీ ఎవరూ పెట్టలేదు.

పొడి కొంచెమే ఉంది. క్లోరోఫాం ఆవిరి చేసి అదే పొడిని వెనక్కి తీసుకోవచ్చు. కానీ డీఎమ్మెస్వోలో వేస్తే అంత తేలిగ్గా తిరిగిరాదు. ఆ పరీక్షతో చేతిలో ఉన్నది అయిపోయినట్టే. పిల్ల సీసాను వెలుతురుకు పట్టి చూసింది.

"వేసేద్దాం మేడం. తెలవకుండ దాచిపెట్టుకొని ఏం జేస్త?"

ఈలోగా నా ఇద్దత్ ముగిసింది. కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫలితం వచ్చిన రోజు స్టాఫ్ రూములో ఉన్నాను. పిల్ల ఫోన్‌లో అంకెలు చదివింది, నేను ఎదురుగా పెట్టుకున్న పట్టిక మీద వేలు జరుపుతూ వచ్చాను. తప్పిన మూడూ సరిపోయాయి. అన్నీ సరిపోయాయి, మొదటి పేరుతో.

"కొత్తది కాదు" అన్నాను.

"కాదు." ఆమె వెనక రైలు శబ్దం వినపడుతోంది. "కానీ మేడం, ఇది ఆకుదే. ఖాళీ సీసాల ఏం రాలే."

ఆ పదార్థం వేరే మొక్కల్లో ఉన్నట్టు రాశారు. గాయపాకులో ఉందని మేం చదివినంతలో ఎవరూ చెప్పలేదు. థీసిస్‌కు ఆ మాత్రం చాలని కొత్త గైడ్ అన్నారు. నూనె మీద ఒక అధ్యాయం ఉంచాలని మేమే అడిగాం. అందులో పిల్ల మొదట "పైపు వాడడం జరిగింది" అని రాసింది. ఎవరు వాడారో తెలియకుండా రాయడం సైన్సు వాళ్ళకు అలవాటు. "మా ప్రయోగశాలలో మేము వాడిన పైపు" అని మార్పించాను. దాచకూడదు, అలాగని ఒక్కరి మీద పెట్టకూడదు అనుకున్నాను.

థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ మాట్లాడాలి. వెనక వరుసలో కూర్చుని విన్నాను. ఆఖర్న ఒక పెద్దాయన అడిగారు, ఆ నూనె అధ్యాయం తీసేస్తే థీసిస్‌కు వచ్చే నష్టమేమిటని.

"థీసిస్‌కేం కాదు సార్. కానీ ఇప్పటికీ అందరం ఆ డ్రమ్ములకెల్లే తీసుకుంటున్నం" అంది.

నా ముందు కూర్చున్న ఒకాయన పక్కాయన చెవిలో, "మనం పోయినేడు పంపిన పేపర్ల నూనె ఏందిరా?" అన్నాడు. కొత్త గైడ్ అక్కడే, టేబుల్ మీదే సంతకం పెట్టారు. మర్నాడు డ్రమ్ముకు గాజు గొట్టం వచ్చింది.

సంతకమయ్యాక పిల్ల ఒక ఆలోచనతో వచ్చింది. క్లోరోఫాంలో తీసిన అంకెలు మాకు కలవలేదు గానీ అవి తప్పు అంకెలు కావు. అదే పొడివి, అది ఏమిటో ఇప్పుడు తెలుసు. ఎవరైనా తమ స్పెక్ట్రాలు పంపగలిగే ఉచిత సైటు ఒకటుంది. దానికి పంపుదామంది. ఫారం తనే నింపింది. పదార్థం తయారుచేసినవాళ్ళ పేర్లు అన్నచోట తన పేరు, పక్కన మా ఆయన పేరు రాసి, నా వైపు తిప్పి చూపింది.

"సార్ పేరు రాయొచ్చు గద మేడం? ఆకు చూపెట్టింది సారే."

రాయమన్నాను. నాదీ రాస్తానంది. అక్కర్లేదన్నాను. అత్తమ్మ కొడుకు పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, తెర మీద ఆ ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి పట్టుకుంది.

వాళ్ళు పరిశీలించడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు ఆ పదార్థం పేరుతో వెతికితే రెండు పట్టికలు వస్తాయి. డీఎమ్మెస్వోలో తీసింది పాతది, ఎవరో తెలియని వాళ్ళది. క్లోరోఫాంలో తీసింది మాది.